అమ్మోరు బండిలో దాటిన నాయకుడు

జనగామ కాలేజీలో చరిత్ర చదివే ఒక పిల్ల ఈ మధ్య మా ఇంటికి వచ్చింది. అమెరికాలో, ఆఫ్రికాలో నల్లజాతి వాళ్ళ స్వేచ్ఛా పోరాటాల్లో ఆడవాళ్ళు ఏం చేశారన్నది ఆమె రాస్తున్న వ్యాసం. అంగడిలో సరుకులమ్ముకునే ఆడవాళ్ళు ఉద్యమాలను పోషించిన సంగతీ, తెల్లవాళ్ళ ఇళ్ళల్లో వంట పని చేసేవాళ్ళు బస్సెక్కకుండా మైళ్ళకు మైళ్ళు నడిచిన సంగతీ, తీరా జెండా ఎగిరిన రోజున వేదిక మీద కుర్చీలన్నీ మగవాళ్ళతో నిండిపోయిన సంగతీ చెప్పుకుంటూ పోయింది.

"ఆడోళ్ళను నిలవెట్టి చప్పట్లు గొట్టిచ్చిండ్రట గని, మైకు ఇయ్యలేదట అమ్మమ్మా! ఏందది?" అని నోరు తెరిచింది.

నాకు నవ్వాగలేదు. ఆ ముచ్చట కోసం అంత దూరం పోవాలా బిడ్డా అన్నాను. "మరి మన దిక్కు ఎట్లుండె?" అని అడిగింది. ఆమెకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను, ముఖ్యంగా ఇప్పుడిప్పుడే వార్డుల్లోకి అడుగు పెడుతున్న నర్సు పిల్లల కోసం. పేర్లు మాత్రం రాయను. కొందరి పేర్లు రాస్తే వాళ్ళ మెడలో ఇంకో దండ పడుతుంది. అంత సాయం చేసే ఉద్దేశం నాకు లేదు.

మా నాయిన డోర్నకల్ జంక్షన్‌లో పాయింట్స్‌మన్. ఆదివారం గుడికి పోయే కుటుంబం మాది. నేను మిషన్ దవాఖానలో నర్సు పని నేర్చుకుని, అక్కడే ఉద్యోగంలో చేరాను. రజాకార్ల కాలంలో మా నాయిన ఒకనాడు బుగ్గ చీలిన మనిషిని ఇంటికి పట్టుకొచ్చాడు. కుట్లు వేశాను. ఆ తర్వాత ఇంకొకరు వచ్చారు, ఇంకొకరు వచ్చారు. చివరికి నిజాం మీద పోరాడుతున్న ఆ దళం వాళ్ళు, "ఇట్ల ఒక్కొక్కన్ని మోస్కొచ్చుడు కష్టమైతుంది చెల్లె, నువ్వే రా," అన్నారు. పోయాను. పెద్ద నిర్ణయం తీసుకున్నట్టు ఏమీ అనిపించలేదు. పని ఎక్కడుంటే అక్కడికి పోవడమే మాకు నేర్పిన చదువు.

నిజాం పోయి యూనియన్ సైన్యం వచ్చాక పోరాటం ఆగలేదు, అడవికి జరిగింది. నేనున్న దళం భూపాలపల్లి అడవుల్లోకి చేరింది. అక్కడ మేం ముగ్గురం ఆడవాళ్ళం.

ఒకామె రఘునాథపల్లి దిక్కు నుంచి వచ్చింది. గడీలో వెట్టికి రామన్నందుకు దొర మనుషులు ఇంటి మీదికి వస్తే ఆమె మొగుడు షోలాపూర్ మిల్లుకు పారిపోయాడు. ఈమె పారిపోలేదు. వచ్చిన వాళ్ళ మీద ఒడిసెలతో రాళ్ళు విసిరి, తర్వాత దళంలో కలిసింది. నాకంటే పెద్దది, అందరికీ అక్క. రెండో ఆమె మానుకోట దిక్కు తండా నుంచి వచ్చిన లంబాడీ మనిషి. వాళ్ళ భాషలో అమ్మను యాడి అంటారు, మేమూ యాడి అనే పిలిచేవాళ్ళం. భూమి పంచినప్పుడు ఆమె తండాకు దొర భూమి కొంత దొరికింది. దాన్ని కాపాడుకోవాలంటే దళం బతకాలని లెక్క వేసుకుని వచ్చింది. మా అందరిలోకీ పోరాటం ఎందుకు చేస్తున్నామో స్పష్టంగా తెలిసిన మనిషి ఆమే అనుకుంటాను.

మాకు రాజకీయ పాఠాలు చెప్పడానికి పార్టీ ఆర్గనైజర్ ఒకాయన ఉండేవాడు. సర్కారు జిల్లాల్లో బాగా చదువుకున్న మనిషి. స్త్రీ పురుష సమానత్వం గురించి ఆయన చెబుతుంటే వినాలి, అంత బాగా చెప్పేవాడు. పాఠం అయ్యాక పళ్ళెం ముందుకు జరిపి కూర్చునేవాడు. ఆ పళ్ళెంలోకి గటక ఎట్లా వచ్చిందో, ఆ జొన్నలు ఏ ఊరి నుంచి ఎవరు నెత్తిన పెట్టుకుని తెచ్చారో ఆయన పాఠంలో ఎక్కడా ఉండేది కాదు. మేం "ఎట్ల" అంటే "ఎలా అనాలమ్మా" అని దిద్దేవాడు. అక్క ఒకసారి తుపాకీ కావాలని అడిగింది.

"తుపాకులు తక్కువగా ఉన్నాయమ్మా. నీ పాత్ర వేరే ఉంది. కొరియర్ పని నీ అంత బాగా ఎవరూ చెయ్యలేరు," అన్నాడు.

ఆ కొరియర్ పని ఏమిటో చెబుతాను. నెత్తిన గంప పెట్టుకుని, చేతిలో ఏ ఆయుధమూ లేకుండా, సైన్యం క్యాంపుల మధ్య నుంచి నడిచి కబురు తీసుకుపోవడం. దొరికితే ఏం చేస్తారో అందరికీ తెలుసు. తుపాకీ ఉన్నవాళ్ళు గుట్ట మీద ఉండాలి, లేనివాళ్ళు క్యాంపు ముందు నుంచి నడవాలి. ఇందులోని తర్కం నాకు ఈనాటికీ అర్థం కాలేదు. చదువు తక్కువ కదా.

దళ నాయకుడు మాత్రం మంచివాడనే అనుకునేవాళ్ళం. జనగామ ప్రాంతపు యువకుడు, ధైర్యస్తుడు. అక్కను చెల్లెలిలా చూసేవాడు. ఆమె కూడా ఆయన్ను నోరారా అన్నా అని పిలిచేది. వయసులో ఆమే పెద్ద, అయినా దళంలో నాయకుడంటే అన్నే.

ఒక రోజు పొద్దున సైన్యంతో కాల్పులు జరిగాయి. నాయకుడి తొడలో తూటా దిగింది. ఇంకొకాయనకు ఛాతీ పక్కన తగిలింది. ఆయన తాళ్ళెక్కి కల్లు గీసే మనిషి, నడి వయసు, మాటకు ముందు నవ్వించేవాడు. మేం మామ అని పిలిచేవాళ్ళం. తొడలో తూటా తీశాను. మత్తు మందు లేదు. అక్క ఆయన భుజాలు నొక్కి పట్టుకుంది, యాడి కాళ్ళు పట్టుకుంది. మామ ఛాతీ మాత్రం నా చేతిలో లేదు. ఊపిరి తీసినప్పుడల్లా వినిపించే చప్పుడును బట్టి నాకు తెలిసిపోయింది. అది కోత గది ఉన్న దవాఖానలో డాక్టరు చూడాల్సిన గాయం.

సైన్యం అడవిని చుట్టుముడుతోందని కబురొచ్చింది. ఆర్గనైజర్ అందరినీ కూర్చోబెట్టి కమిటీ నిర్ణయం చెప్పాడు. దళం తుపాకులతో గుట్ట దాటి గోదావరి వైపు పోవాలి. గాయపడ్డ ఇద్దరినీ పొదల్లో దాచాలి. ఆడవాళ్ళు విడివిడిగా ఊళ్ళల్లోకి పోవాలి.

"దాచినంక? వాళ్ళకు నీళ్ళెవరిస్తరు?" అని అక్క అడిగింది.

"పరిస్థితి అర్థం చేసుకోవాలమ్మా. ఉద్యమం వ్యక్తుల కంటే పెద్దది."

పడుకున్న నాయకుడు కూడా తల ఊపాడు. "నన్ను ఇడిశిపెట్టుండ్రి. నేను సచ్చినా పోరాటం సావదు," అన్నాడు.

అక్క ఆయన వైపు తిరిగింది. "అన్నా, నువ్వు మంచిగ సచ్చి పెద్దోనివైతవు. నీ పుండు పురుగులు వట్టినంక గా మాట జెప్పు, ఇంట. లే, జర ఈ నీళ్ళు తాగు." తర్వాత ఆర్గనైజర్‌తో, "మీరు పోండ్రి. మేము ఈడికెల్లి కదలం," అంది.

వాళ్ళు పోయారు, చాలా క్రమశిక్షణతో. అంత క్రమశిక్షణగా పారిపోయినవాళ్ళను నేను మళ్ళీ చూడలేదు.

మేం ముగ్గురం మొగాలు చూసుకున్నాం. మానుకోట దిక్కు ఉన్న తన తండాకు చేరిస్తే దాచుకోవచ్చని యాడి అంది. బండి కూడా తనే తేగలనంది, అడవిలో వెదురుబొంగు నరికేవాళ్ళలో ఆమెకు చుట్టాలున్నారు. కానీ అడవి దాటి పెద్ద రోడ్డెక్కే చోట సైన్యం నాకా ఉంది. ప్రతి బండినీ ఆపి గడ్డి కూడా పొడిచి చూస్తారు.

"దాస్తె దొరుకుతరు. దాయకుంటనే తీస్కపోవాలె," అంది అక్క. "సిపాయిలు దగ్గరికి రావద్దు, గంతే. దేన్ని జూస్తె రారు?"

ఆ ప్రశ్నకు జవాబు నా ఉద్యోగంలో ఉంది. దవాఖానలో ఏ వార్డు దగ్గరికి చుట్టాలు కూడా రారో నాకు తెలుసు. అప్పట్లో ప్రతి ఎండాకాలం అమ్మోరు ఊళ్ళను ఊడ్చేది. మశూచి అనే మాట వింటేనే మనుషులు దారి మార్చుకునేవాళ్ళు.

అడవిలో నల్లజీడి చెట్లకు కొదవ లేదు. జీడి రసం చర్మానికి తగిలితే పొక్కులు లేస్తాయి. పుల్లతో చుక్కలు చుక్కలుగా ఇద్దరి మొహాల మీద, చేతుల మీద పెట్టాను. మంట పుట్టి నాయకుడు బూతులు తిట్టాడు. మామ మాత్రం ఆ ఆయాసంలోనే, "ఇగ నాకు పిల్లనెవరిస్తరు బిడ్డా!" అన్నాడు. ఆయనకు అప్పటికే మనవలున్నారు. మర్నాటికి పొక్కులు నిండుగా లేచాయి. పసుపు పూశాం. వేపమండలు పరిచి పడుకోబెట్టాం. యాడి తెచ్చిన బండి చుట్టూ మండలు కట్టాం. తొడ కట్టు మీద, ఛాతీ కట్టు మీద పసుపు గుడ్డలు కప్పాం. నేను దాచుకున్న నర్సు తెల్ల చీర తీసి కట్టుకున్నాను.

నాకా దగ్గరికి వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. సిపాయిలు బండిని దూరంగానే ఆపారు. యాడి చేతులు జోడించి తన భాషలో ఏదో మొత్తుకుంది. వేపమండలు చూసి ఇద్దరు సిపాయిలు అప్పుడే రోడ్డు అవతలికి జరిగారు. కానీ వాళ్ళ హవల్దారు భయపడే రకం కాదు. నాకు టీకా ఉంది అంటూ చేతి కర్రతో గుడ్డ తొలగించడానికి ముందుకొచ్చాడు. మామ ఛాతీ మీది గుడ్డ జరిగితే మా కథ అక్కడితో అయిపోయేది.

వార్డులో పనిచేసిన వాళ్ళకు ఒక గొంతు ఉంటుంది. రోగి తాలూకు మగవాళ్ళు మంచం మీద కూర్చున్నప్పుడు అది బయటికి వస్తుంది. ఆ గొంతుతో ఉర్దూలో అరిచాను. "ఆగు! టీకా ఎప్పుడు వేశారు? చెయ్యి చూపించు!"

అతను బిత్తరపోయి ఆగాడు. తల్లి గద్దించినట్టు గద్దిస్తే ఎంత పెద్ద మీసమున్న మగవాడైనా ఒక్క క్షణం ఆగుతాడు. ఆ క్షణం చాలు. చొక్కా చెయ్యి పైకి మడిచి చూపించాడు. టీకా మచ్చ బాగానే ఉంది, రూపాయి బిళ్ళంత స్పష్టంగా ఉంది. దాన్ని వేలితో నొక్కి చూసి పెదవి విరిచాను.

"ఇది పట్టలేదు. పట్టిన టీకా మచ్చ ఇట్లా ఉండదు. మీ క్యాంపు డాక్టరుకు చూపించుకో. ఆ లోపల నువ్వు ముట్టుకుంటే నాకేం పోయింది? నీ పిల్లలకు తీసుకుపోతావు."

సరిగ్గా అప్పుడు మామకు దగ్గు తెర వచ్చింది. నోటి వెంట నురుగు, రక్తం. అది నటన కాదు. హవల్దారు మూడడుగులు వెనక్కి వేసి, పొండి పొండి అని కర్ర ఊపాడు. అక్క ఎడ్ల ముక్కుతాళ్ళు పట్టుకుని ముందు నడిచింది. నేను వెనక్కి తిరిగి చూడలేదు. మామ మూతి తుడుస్తూ బండి పక్కన నడిచాను.

తండా చేరాం. మామ బతకలేదు. వచ్చిన రెండో రోజు, యాడి పోసిన గంజి ఒక గుక్క మింగి, "గిది కల్లైతే ఎంత బాగుండు," అన్నాడు. అదే ఆఖరు మాట. తండా ఆడవాళ్ళు తమ మనిషికి ఏడ్చినట్టు ఏడ్చారు. నాయకుడి పుండు మాత్రం నెమ్మదిగా మానింది. వారాల తరబడి అక్కే కడిగింది, అక్కే కట్టు మార్చింది. నేను చుట్టుపక్కల తండాల్లో కాన్పులు చూడ్డానికి పోయినప్పుడు ఆ గుడిసెలో వాళ్ళిద్దరే ఉండేవాళ్ళు. ఉండక ఏం చేస్తారు? రోగిని ఒంటరిగా వదలాలా?

నాయకుడు కర్ర పట్టుకుని నడవడం మొదలుపెట్టాక పార్టీ కమిటీ వచ్చింది. ఆర్గనైజర్, ఆయనతో ఇంకో ఇద్దరు పెద్దమనుషులు. అభినందించడానికి వచ్చారేమో అనుకుని యాడి కోడిని కోసింది. వాళ్ళు తిన్నారు. తిని, చేతులు కడుక్కుని, విచారణ అన్నారు.

నేరాలు రెండు. కమిటీ నిర్ణయాన్ని ధిక్కరించడం మొదటిది. రెండోది చెప్పడానికి ఆర్గనైజర్ కొంచెం గొంతు సవరించుకున్నాడు. ఒక వివాహిత స్త్రీ, పరాయి పురుషుడితో ఒకే గుడిసెలో వారాల పాటు ఉండటం. ప్రజలు ఏమనుకుంటారు? పార్టీ ప్రతిష్ఠ ఏమవుతుంది?

మామ ఎట్లా పోయాడని ఒక్కరు అడగలేదు. ఎక్కడ పూడ్చారని అడగలేదు.

ముందు నన్ను సాక్షిగా పిలిచారు. "నువ్వు చదువుకున్న దానివి. నిజం చెప్పు. వాళ్ళిద్దరి మధ్య నువ్వు ఏమైనా చూశావా?"

"చూసిన," అన్నాను.

ముగ్గురూ ఒక్కసారి ముందుకు వంగారు. విప్లవం గురించి మాట్లాడేటప్పుడు కూడా వాళ్ళ కళ్ళల్లో అంత ఆసక్తి నేను చూడలేదు.

"ఏం చూశావు?"

"చీము చూసిన. మొదలు పచ్చగ ఉండె, తర్వాత తెల్లగైంది. ఇంకా ఏమన్న చూడాల్నా?"

నన్ను కూర్చోమన్నారు. తర్వాత ఆర్గనైజర్ ఎంతో దయగా పరిష్కారం చెప్పాడు. ఆమె భర్త వదిలేసి పోయాడు కాబట్టి, ఇద్దరూ పెళ్ళి చేసుకుంటే సరిపోతుంది, పార్టీయే జరిపిస్తుంది. లేకపోతే ఆమె పార్టీ బయటికి పోవాలి. నాయకుడు బయటికి పోవాలన్న మాట ఎవరి నోటా రాలేదు.

అందరం నాయకుడి వైపు చూశాం. ఆయన ఒక్క మాట అంటే చాలు. ఈ ఆడవాళ్ళు లేకపోతే నేను పొదల్లో కుళ్ళిపోయేవాడిని అంటే చాలు. ఆయన కర్ర కొసతో నేల గీరుతూ, "పార్టీ ఎట్లంటే గట్ల," అన్నాడు.

అక్క లేచి నిలబడింది. గొంతు పెంచలేదు.

"ఇన్ని దినాలు నిన్ను అన్నా అని పిలిచిన. నీ పుండు గడుగుకుంట గూడ అన్నా అనే అన్న. గా పిలుపుకు నాకు అర్థం ఎర్కనే. నీకెర్క లేదని ఇయ్యాల తెలిసింది." తర్వాత మిగతా ముగ్గురి వైపు తిరిగింది. "నేను దొర గడీకి ఎట్టికి పోనని వచ్చిన. ఈడ గూడ ఎవ్వలింట్ల ఉండాల్నో మీరే చెప్తిరి. గీ దానికి గడీ ఏం పాపం జేసింది?"

"ఆవేశపడకమ్మా, అలా మాట్లాడటం తప్పు," అన్నాడు ఆర్గనైజర్.

"అలా గాదు," అంది అక్క, "గట్లనే మాట్లాడ్త."

ఆమెను పార్టీ నుంచి తీసేశారు. నా సేవలు ఇక చాలన్నారు. నాయకుణ్ణి వెంటబెట్టుకుని పోయారు. పోయేటప్పుడు ఆయన నా వైపు చూసి ఏదో అనబోయాడు, అనలేదు. అనకపోవడంలో అప్పటికే ఆయనకు నైపుణ్యం వచ్చింది.

నేను మానుకోట సర్కారు దవాఖానలో చేరి, అక్కడే నా ఉద్యోగ కాలమంతా గడిపాను. పోరాటం విరమించారు. ఎన్నికలొచ్చాయి. నాయకుడు పెద్దవాడయ్యాడు. చాలా ఏళ్ళకు మా దవాఖానలో కాన్పుల వార్డు తెరవడానికి ఆయనే ముఖ్య అతిథిగా వచ్చాడు. అప్పటికి నేను హెడ్ నర్సును. కత్తెర ఉన్న పళ్ళెం పట్టుకుని నిలబడడం నా పని. రిబ్బను కత్తిరించి, మైకు ముందు పోరాటం గురించి చాలా సేపు మాట్లాడాడు. మశూచి రోగిలా వేషం వేసుకుని సైన్యం కళ్ళల్లో దుమ్ము కొట్టి నాకా దాటిన ఉపాయం తనకెట్లా తట్టిందో చెప్పాడు. ఆ రోజుల్లో తల్లుల్లాంటి స్త్రీలు ప్రేమతో వండి పెట్టిన అన్నం మరిచిపోలేనని కళ్ళు తుడుచుకున్నాడు. కలెక్టరు చప్పట్లు కొట్టాడు. మా డాక్టర్లు కొట్టారు.

నా చేతుల్లో పళ్ళెం ఉంది కాబట్టి నేను కొట్టలేదు. మైకు నాకెట్లాగూ ఇవ్వరు. ఆయన దిగి వస్తుంటే వార్డులో వినిపించే గొంతుతోనే అడిగాను.

"అన్నా, తొడ మీద పుండు మానిందా? చలికాలం సలుపుతుందా? తూటా నేనే తీస్తి గదా, అందుకని అడుగుతున్న. ఇగ అన్నమంటవా, అది అన్నం గాదు, గటక. అది గూడ అడిగి తెచ్చింది మా అక్క."

కాన్పుల వార్డు ఆడవాళ్ళు ముందు నవ్వారు. తర్వాత ఆయాలు నవ్వారు. పెద్దమనిషి మొహం ఎర్రబడింది. నన్ను గుర్తు పట్టనట్టు నటించి, "ఆరోగ్యం జాగ్రత్తమ్మా," అని చెప్పి కారెక్కాడు. నెల తిరగకుండా నాకు మెమో వచ్చింది, ప్రముఖుల పట్ల అమర్యాద అని. నా ఉద్యోగంలో నాకు దొరికిన ఒకే ఒక్క బిరుదు అది.

మెమో వచ్చిన కొన్నాళ్ళకు ఒక ఎడ్లబండి మా వార్డు ముందు ఆగింది. యాడి మనవరాలు నొప్పులు పడుతోంది, బండి పక్కన అక్క. జుట్టు నెరిసింది, నడుము మాత్రం వంగలేదు. ఆమె రఘునాథపల్లికి తిరిగి పోలేదని నాకు తెలుసు, తండాలోనే ఉండిపోయింది. పోరాటం ఆగిపోయాక ఆ దిక్కు దొర పోలీసులతో తిరిగొచ్చి, పంచిన భూములన్నీ ఒక్కొక్కటే లాక్కున్న సంగతీ తెలుసు. నాయకులు జైళ్ళ నుంచి వచ్చి సభలు పెట్టుకుంటుంటే, ఈమె తండా ఆడవాళ్ళతో కలిసి కోతకొచ్చిన చేన్లో నిలబడి కొడవలి దించకుండా కోస్తూనే ఉందట. లాఠీ దెబ్బకు ఎడమ చెయ్యి విరిగితే ఒక్క కుడి చేత్తోనే కోసిందట. ఆ ఒక్క తండాకు దొరికిన రెండు చెల్కల భూమి మాత్రం దొరకు తిరిగి పోలేదు.

కాన్పు తేలిగ్గానే అయింది. ఆడపిల్ల. బిడ్డను తుడిచి అక్క చేతుల్లో పెట్టాను. సరిగా అతుక్కోని ఆ ఎడమ చేతి వంపులోనే బిడ్డ చక్కగా ఒదిగింది. పక్కన కూర్చుని, ఎన్నో ఏళ్ళుగా అడగాలనుకున్నది అడిగాను.

"అక్కా, వాళ్ళ మీద నీకింకా కోపం ఉన్నదా?"

బిడ్డ మొహం మీంచి ఈగను తోలుతూ నా వైపు చూసింది, ఇదేం ప్రశ్న అన్నట్టు.

"లేకేం? పోనిస్తె గదా! కోపం ఉండవట్టే గా రెండు చెల్కలు మిగిలినయి."